ఎండలో ఆట, నీడలో కళ్ళకలక

కొత్తగా వ్యాయామ ఉపాధ్యాయులుగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మేడమ్, ఏదైనా సలహా చెప్పండి" అంటారు. ఈల మెడలోనే ఉంచుకోండి, మైదానంలోకి చెప్పులతో రాకండి, ఓడిపోయిన జట్టుకు ముందు నీళ్ళివ్వండి, ఆ తర్వాతే తిట్టండి అని నాలుగు మాటలు చెప్పి, టీ ఇచ్చి పంపిస్తాను. అసలు చెప్పాల్సిన సంగతులు మాత్రం చెప్పను. వాటి విషయంలో నాకే ఇంకా తేలలేదు, ఎదుటివాళ్ళకు ఏం చెప్పను?

నా ఉద్యోగమంతా ఎండలోనే గడిచింది. గద్వాల చుట్టుపక్కల బడుల్లో ఆడపిల్లలకు కబడ్డీ, ఖోఖో నేర్పాను. అప్పట్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ ఒకే పాలమూరు జిల్లా. పోటీలు ఎక్కడ పెడితే అక్కడికి పిల్లల్ని వెంటేసుకుని పోయేదాన్ని. ఒళ్ళు నల్లబడింది, గొంతు బొంగురుపోయింది, నేను మామూలుగా మాట్లాడినా అరుస్తున్నానని ఇంట్లోవాళ్ళు అంటారు. ఇంత ఎండ చూసినదాన్ని కదా, ఎండలో ఆడితే అంటురోగం అంటుతుందా అంటదా అని అడిగితే ఠక్కున చెప్పగలగాలి. చెప్పలేను.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు మా వైపు కళ్ళకలక బాగా వచ్చిన కాలం ఒకటుంది. ఆ ఒక్క కాలంలోనే ఎండ మంచిదని ఒకసారి, కాదని ఒకసారి, అసలు సంగతి ఎండలో లేనే లేదని ఇంకోసారి అనుకున్నాను. ఇప్పుడు రాయడానికి కూర్చుంటే మళ్ళీ అదే తికమక. మీరు నవ్వుకున్నా పర్వాలేదు, చివరిదాకా చదవండి.

పెద్దసారు నమ్మకం

అప్పుడు నేను పనిచేస్తున్న బడి పెద్దసారు సాంఘికశాస్త్రం చెప్పేవారు. మంచి మనిషి. ఆటల పీరియడును లెక్కల సారుకు ధారపోయని పెద్దసారు నా ఉద్యోగం మొత్తంలో ఆయనొక్కరే దొరికారు. అందుకే ఆయన మీద నాకు కోపం వచ్చినా ఎక్కువసేపు నిలవదు.

ఆయనకు ఒక గట్టి నమ్మకం ఉండేది. ఎండలో ఏ రోగమూ బతకదని.

"పరుపులు ఎందుకు ఎండకేస్తం మేడమ్? మిరపకాయలు ఎందుకు ఎండకేస్తం? పురుగు పట్టొద్దనే గద. మనుషులకు మాత్రం గట్లనే ఎందుకుండదు?" అనేవారు.

"మనిషి మిరపకాయ కాదు గద సార్."

"గదే నేననేది. మిరపకాయ కన్న మనిషి గట్టోడు."

 ఆయన చేసే పనుల్లో కొన్ని నిజంగా మంచివి. మా బడికి ఒకటే జత జెర్సీలు. పెద్ద పిల్లలు ఆడి విప్పేసినవే చిన్న పిల్లలు వేసుకోవాలి. మధ్యలో ఆయన వాటిని లోపలిది పైకి తిప్పించి, ప్రహరీ గోడ మీద ఎండలో ఆరేయించేవారు. చెమట కంపు పోయేది, గుడ్డ కరకరలాడేది. ఆ పని సరైనదేనని తర్వాత ఒక డాక్టరు కూడా ఒప్పుకున్నాడు. మనిషి సగం కరెక్టు, సగం తప్పు అయినప్పుడే మనకు చిక్కు. పూర్తిగా తప్పయితే వదిలేసి మన పని మనం చేసుకోవచ్చు.

ఆ ఏడు వానలు వెనకబట్టి భాద్రపదం ఎండ మొదలవగానే ఊళ్ళలో కళ్ళకలక మొదలైంది. "కండ్లొచ్చినయ్" అంటారు మా దగ్గర. జబ్బు వచ్చినవాళ్ళ కళ్ళలోకి చూస్తే మనకూ వస్తుందని పిల్లలు ఎదురుపడగానే ముఖాలు తిప్పుకునేవాళ్ళు. లెక్కల సారు ముందుజాగ్రత్తగా నల్లద్దాలు తెచ్చుకుని క్లాసులో కూడా తీయలేదు. బోర్డు మీద తాను వేసిన లెక్క తనకే కనపడక పిల్లల్ని అడిగి సరిచేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కబడ్డీ పోటీలు వచ్చాయి. మా జట్టుకు ప్రాణం షాహీన్. తండ్రి ఖాజా మియా ఇటిక్యాలలో దర్జీ పని చేసేవాడు. పొడుగ్గా, సన్నగా ఉండేదా పిల్ల. కూతకు వెళ్ళిందంటే ఎదుటి జట్టులో ఎవరినో ఒకరిని ముట్టుకోకుండా నడిగీతకు తిరిగి వచ్చేది కాదు. ఎవరైనా కాలు పట్టినా ఈడ్చుకుంటూ వచ్చి గీత అందుకునేది. ఊపిరి అంత పొడుగు.

ఆ ఏడు సర్కారు ఆటల హాస్టలుకు పిల్లల్ని ఎంపిక చేస్తారని తెలిసి నేను ఖాజా మియా దుకాణానికి వెళ్ళాను. ఆయన మిషన్ ఆపి, నాకు స్టూలు తుడిచి ఇచ్చాడు.

"టీచరమ్మా, అబద్ధం చెప్ప. సీటొస్తె పంపిస్త. హాస్టల్లనే సదువుకుంటది, ఆడుకుంటది. రాకుంటె మాత్రం ఇంక ఆటలొద్దు. నా పక్కన ఇంకో మిషన్ మీద కూసుంటది. ఒక్కని రెక్కల మీద ఇల్లు గడుస్తలేదు."

వచ్చే ఏడు చూద్దామనడానికి లేదు. ఆ హాస్టలుకు వయసు నిబంధన ఉంది, షాహీన్ అప్పటికి దాటిపోతుంది. ఉన్నది ఆ ఒక్క అవకాశమే. ఆ సంగతి నాకూ తెలుసు, ఖాజా మియాకూ తెలుసు, లోపల గుండీలు కుడుతూ వింటున్న షాహీన్‌కూ తెలుసు.

శ్రీరంగాపూర్‌లో

మొదటి పోటీలు శ్రీరంగాపూర్‌లో పెట్టారు. చెరువు మీది నుంచి గాలి ఆగకుండా కొట్టే మైదానం. ఒక పక్క బారుగా చింతచెట్లు. ఎదుటి జట్టులో ఇద్దరు పిల్లల కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. వాళ్ళను ఆడనివ్వకూడదని నేను, ఆడితే ఏం కాదని పెద్దసారు.

"మధ్యాహ్నం దాంక ఆగుర్రి మేడమ్. ఎండ నెత్తికెక్కినంక ఆడిద్దాం. గా ఎండకు ఏ రోగం నిలుస్తది?"

ఎండ నెత్తికెక్కాకే ఆడించాం. మా పిల్లలు వాళ్ళను పట్టారు, వాళ్ళ మీద పడ్డారు, ఒకరి చెమట ఒకరు పూసుకున్నారు. ఇంటికొచ్చాక రోజూ పొద్దున ప్రార్థన వేళ ఒక్కొక్కరి కళ్ళు చూశాను. వారం గడిచినా ఒక్కరికీ రాలేదు.

పెద్దసారు ఆనందం చెప్పనలవి కాదు. తెలిసిన ప్రతి బడికీ కబురు పెట్టారు, మ్యాచులు మిట్టమధ్యాహ్నమే పెట్టుకోండి, కళ్ళకలక అంటదు అని. ఆయన మాటకు పోటీల సంఘంలో విలువుండేది. నిజం చెప్పాలంటే నాక్కూడా నమ్మకం కుదిరింది. కళ్ళముందు జరిగింది కదా, ఎట్లా కాదంటాం?

వనపర్తిలో

తర్వాతి పోటీలు వనపర్తిలో. అక్కడ ఎండ ఇంకా ఎక్కువ. పెద్దసారు మాట మీద మ్యాచులన్నీ పొద్దెక్కాకే పెట్టారు. మైదానం బోడిగా ఉంది, గడ్డిపోచ కూడా లేదు. ఆడి వచ్చిన పిల్లలు తడిసిన గుడ్డలు పిండుకుంటున్నట్టు చెమట పిండుకున్నారు. ఇంత ఎండలో రోగమేం నిలుస్తుందని నేనూ ధీమాగానే ఉన్నాను.

ఇంటికొచ్చిన రెండు మూడు రోజులకు మా జట్టులో సగం మంది కళ్ళు అతుక్కుపోయి లేచారు. మాతో ఆడిన లింగాల జట్టులోనూ వచ్చిందని తెలిసింది. షాహీన్‌కు మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో తెలియదు.

"ఎండ జర తక్కువైందేమో మేడమ్" అన్నారు పెద్దసారు.

"సార్, పిల్లలకు వడదెబ్బ ఒక్కటే తక్కువైంది" అన్నాను. ఆయన నొచ్చుకున్నారు.

మండలం దవాఖానలో అప్పుడో కుర్ర డాక్టరు ఉండేవాడు. ఊరికి కొత్త. పిల్లల కళ్ళు చూడ్డానికి బడికి వచ్చి, పనైపోయాక జబ్బులేని పిల్లలు ప్రాక్టీసు చేస్తుంటే చెట్టు పక్కన నిలబడి చూశాడు. నేను గొప్పగా చెప్పుకున్నాను: టవళ్ళు వేరు చేశాను, ఆట ముందూ తర్వాతా చేతులు కడిగిస్తున్నాను, గ్లాసులు వేరు. అన్నీ తలూపుతూ విన్నాడు.

"మరి వాళ్ళు ఇప్పుడేం చేశారు మేడమ్?" అన్నాడు.

"ఏం చేసిన్రు?"

"అదిగో, ఆ అమ్మాయి. వంగి మట్టిని ముట్టుకుని కళ్ళకు అద్దుకుంది."

"గీత మొక్కింది డాక్టర్ సాబ్. కూతకు పోయేముందు మొక్కుతరు గద."

"ఒక్కసారేనా?"

ఒక్కసారి కాదు. కూతకు పోయేముందు మొక్కుతారు, తిరిగొచ్చి మొక్కుతారు, ఔటైన పిల్ల మళ్ళీ లోపలికి వచ్చేటప్పుడు మొక్కుతుంది. హిందువుల పిల్లలని లేదు, ముస్లింల పిల్లలని లేదు, అందరికీ అదే అలవాటు. నేనే నేర్పాను, మా టీచరు నాకు నేర్పింది. నేల మీద భక్తి లేనివాళ్ళకు ఆట రాదని చెప్పేదాన్ని. ఎన్నేళ్ళుగానో రోజూ చూస్తున్న పని, చెయ్యి కంట్లోకి పోవడమని నాకు తట్టనే లేదు.

విషయం తెలిసి పెద్దసారు వచ్చారు. "ఎండకు కాగిన మట్టి డాక్టరు గారు. అందుల ఏముంటది?"

డాక్టరు ఆయన్ని వెక్కిరించలేదు. "మీరన్నదాంట్లో నిజముంది సార్. ఎండకు చాలా క్రిములు బలహీనపడతాయి. ఆ మట్టిలో ఏమీ లేకపోవచ్చు. కానీ ఆ చెయ్యి ఇంతకుముందే ఎవరి చేతినో పట్టుకుంది, ఎవరి ముఖానికో తగిలింది. చేతి నుంచి కంటికి పోవడానికి రెప్పపాటు చాలు. ఆ రెప్పపాటులో ఎండ మాత్రం ఏం చేస్తుంది, దానికి టైమెక్కడిది?"

"మల్ల శ్రీరంగాపూర్‌ల ఎందుకు రాలే?" అని నేను అడిగాను.

 "తెలియదు మేడమ్" అన్నాడు డాక్టరు. ఆ ఒక్క మాటకు ఆ అబ్బాయి మీద నాకు గౌరవం పెరిగింది.

తర్వాత చాలా రోజులు నేనే తవ్వుకున్నాను. ఒక సంగతి మాత్రం కొంత తెలిసినట్టనిపించింది. శ్రీరంగాపూర్‌లో నీడ బోలెడంత. ఆట లేనప్పుడు పిల్లలు చింతచెట్ల కింద ఎవరికి వాళ్ళు చెదిరి కూర్చున్నారు. వనపర్తిలో ఉన్నది ఒక్క షామియానా. ఎండ ఎంత పెరిగితే అంత మంది దాని కిందికి దూరారు. ఒకరి ఒళ్ళో ఒకరు, ఒకే తడిగుడ్డతో అందరి ముఖాలూ. ఆట ఆడింది కాసేపు, ఆ నీడలో ఇరుక్కుని కూర్చుంది పొద్దంతా. అంటే రోగాన్ని చంపుతుందని మేం ఎదురుచూసిన ఎండే పిల్లల్ని తరిమి ఒకచోట కుప్ప పోసింది. ఇదే కారణమని ఒట్టు వేసి చెప్పలేను. శ్రీరంగాపూర్‌లో గాలి వల్లనేమో, ఆ ఇద్దరు పిల్లలకు జబ్బు చివరికొచ్చిందేమో, మా అదృష్టమేమో. కానీ మీరు పోటీలు పెడితే మైదానం కన్నా ముందు నీడ కొలుచుకోండి. ఈ మాట మాత్రం గట్టిగా చెప్పగలను.

గీత మొక్కడం మానమంటే పిల్లలు మానలేదు. కళ్ళకు బదులు గుండెకు అద్దుకోమన్నాను. గుండెకు అద్దుకుని, అలవాటు కొద్దీ మళ్ళీ కళ్ళకూ అద్దుకున్నారు. "గుండెకద్దుకుంటె మొక్కినట్టే ఉంటలేదు టీచర్" అని ఒక పిల్ల అంది. నేను ప్రాక్టీసు సాగినంతసేపూ చేతులు, చేతులు అని అరుస్తూ నిలబడ్డాను.

జ్వరాల ఏడు

ఇది తర్వాత కొన్నేళ్ళకు జరిగింది, వరస తప్పినా ఇక్కడే చెప్పేస్తాను. స్వైన్ ఫ్లూ అని పేపర్లన్నీ మోగిపోయిన ఏడు నేను వేరే బడిలో ఉన్నాను. అక్కడి పెద్దసారు ఇంకో రకం. గాలిలో రోగముందని మైదానానికి తాళం వేయించి, ఆటల పీరియడులో పిల్లల్ని కిటికీలు మూసిన గదిలో కూర్చోబెట్టమన్నారు.

"సార్, గాలాడని గదిలకన్న బయటనే నయం గద. దూరం దూరం ఉరికిస్త, కబడ్డీ ఆపుత" అన్నాను. కబడ్డీలో ముఖానికి ముఖం పెట్టి కూత పెడతారు కదా, అందుకు.

"బయట ఏమన్న అయితే నాది జిమ్మేదారి. లోపలయితే ఎవరు అడగరు" అన్నారాయన.

ఆయన భయం రోగం గురించి కాదని అప్పుడు అర్థమైంది. పోరి పోరి తాళం తీయించి పరుగులు పెట్టించాను, లాంగ్‌జంప్ దూకించాను. అయినా కొందరికి జ్వరాలు వచ్చాయి. అది ఆ జ్వరమో మామూలు జ్వరమో ఎవరూ తేల్చలేదు. మైదానంలో అంటిందా, మధ్యాహ్నం అన్నం వరసలోనా, పిల్లల్ని కుక్కి తెచ్చే ఆటోలోనా, అదీ తేలలేదు. వచ్చిన నింద మాత్రం మైదానానికే వచ్చింది. మన వృత్తిలో అదొకటి అలవాటు చేసుకోవాలి.

నాగర్‌కర్నూల్‌లో

హాస్టలు ఎంపిక నాగర్‌కర్నూల్‌లో జరిగింది. కళ్ళకలక ఇంకా పోలేదు. ఎంపిక జట్టుకు కాదు, ఒక్కొక్క ఆటగత్తెకు. మా బడి నుంచి షాహీన్ ఒక్కతే. ఎర్రవల్లి చౌరస్తాలో తెల్లవారకముందే బస్సెక్కాం. ఖాజా మియా వచ్చి సాగనంపాడు. కొత్త జెర్సీ కుట్టి ఇచ్చాడు, ఆయన కుట్టిన మొదటి జెర్సీ అది, భుజాల దగ్గర కాస్త బిగుతు.

బీచుపల్లి వంతెన దాటాక షాహీన్ కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టింది.

"కండ్లకేమైంది?" అన్నాను.

"గాలి కొడ్తుంది టీచర్."

"కిటికీ మూయి."

"అద్దమే లేదు టీచర్, ఏం మూయాలె?"

పెబ్బేరు వచ్చేసరికి ఒక కన్ను ఎర్రబడింది. దుమ్మేమో అనుకున్నాను. నిద్ర చాలలేదేమో అనుకున్నాను. వనపర్తిలో బస్సు మారేటప్పుడు రెండో కన్నూ ఎర్రబడింది, రెప్పల మీద పుసి. ఇక అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. షాహీన్ నా వైపు చూడకుండా, "వచ్చినయా టీచర్?" అని అడిగింది.

వెనక్కి తీసుకుపోవాలా? పోతే ఈ పిల్ల ఆట ఇక్కడితో సరి. ముందుకు తీసుకుపోవాలా? పోతే ఎంతమంది పిల్లలకు అంటిస్తానో. బస్టాండులో నిలబడి ఎటూ తోచక, నాగర్‌కర్నూల్ బస్సు ముందు వస్తే అదెక్కాను. ఎంపికను ఇంకో రోజు పెట్టించమని అడుగుదామని నా ఆశ.

ఎంపిక చేయడానికి వచ్చిన పెద్దమనిషి హాస్టలు శిక్షకుడు. ఆయన మళ్ళీ రావడం కుదరదన్నాడు. అయితే ఆ పిల్లను వెనక్కి పంపించెయ్యండని మిగతా టీచర్లు. అప్పుడు నిర్వాహకుల్లో ఉన్న మా పెద్దసారు లేచారు.

"మధ్యాహ్నం దాంక ఆగుదాం. ఎండ నెత్తికెక్కినంక ఆడనియ్యిర్రి. ఏం కాదు. నాది పూచీ."

ఆయన నమ్మకం సగం తప్పని అప్పటికి నాకు తెలుసు. ఆ సగం తప్పు వల్లే షాహీన్‌కు ఆడే వీలు దొరికింది. నేను నోరు విప్పి కాదనలేదు. చెయ్యగలిగిందల్లా చేశాను: సబ్బు తెచ్చి ప్రతి కూతకు ముందూ తర్వాతా షాహీన్ చేతులు కడిగించాను, ఆమెతో ఆడే పిల్లల చేతులూ కడిగించాను, కళ్ళు ముట్టుకోవద్దని అందరికీ చెప్పాను. చూస్తే అంటదని కూడా చెప్పాను. ఎవరూ వినలేదు.

పొద్దున్నుంచీ షాహీన్ ఒక్కతే మైదానం చివర గోడ నీడలో కూర్చుంది. మిగతా పిల్లలంతా షామియానా కింద. మధ్యాహ్నం కలగలుపు జట్లు చేసి దించారు. కూతకు వచ్చినవాళ్ళను పట్టడానికి నిలబడేటప్పుడు పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుని గొలుసు కట్టాలి. షాహీన్‌కు ఎవరూ చెయ్యి ఇవ్వలేదు. ఆమె మూలన ఒక్కతే నిలబడింది.

కూతకు వెళ్ళినప్పుడు జరిగింది ఇంకా విచిత్రం. ఆమె గీత దాటగానే ఎదుటి పిల్లలు ముఖాలు పక్కకు తిప్పుకున్నారు, కొందరు కళ్ళు మూసుకున్నారు. పట్టడానికి ఒక్కరూ ముందుకు రాలేదు, వెనక్కి వెనక్కి పోయారు. వెనక గీత దాటి పోతే ఔట్, అక్కడే నిలబడితే షాహీన్ ముట్టుకుంటుంది. చూడకుండా నిలబడ్డవాళ్ళను ముట్టుకోవడానికి ఎంతసేపు? వెళ్ళిన ప్రతిసారీ ఇద్దరు ముగ్గుర్ని ఔట్ చేసి నడుచుకుంటూ వచ్చింది. పరుగెత్తాల్సిన అవసరం కూడా రాలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాయింట్లన్నీ ఆ పిల్లవే.

శిక్షకుడు మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"ఇన్ని పాయింట్లు నేనెప్పుడూ చూడలేదు మేడమ్. కానీ ఈ అమ్మాయి ఆట ఏం చూసినట్టు? ఒక్కరూ పట్టలేదు. పట్టు విడిపించుకునే శక్తి ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది? ఒక్క పట్టు చూపించండి, బాగుంటే సీటు ఇక్కడే చెప్తాను."

నేను షామియానా వైపు చూశాను. పిల్లలు నేల చూపులు చూశారు. టీచర్లు తమ పిల్లల భుజాల మీద చేతులు వేసి ఆపుకున్నారు. వాళ్ళను తప్పు పట్టలేను, నా పిల్లయితే నేనూ ఆపేదాన్నేమో.

చివరికి వెనక నుంచి లింగాల పిల్ల లేచింది. పేరు ఈదమ్మ. గట్టి పిల్ల, షాహీన్ ఎదుట పడని వేరే జట్టులో ఆడింది, ఆ రోజు పట్టులో ఆమెను మించినవాళ్ళు లేరు, అప్పటికే ఎంపికైపోయింది.

"నేను పడ్త సార్. వనపర్తిల నాకు వచ్చి పోయినయ్. మల్ల రావంట, దవాఖానల చెప్పిన్రు."

మా కుర్ర డాక్టరు కూడా ఇదే చెప్పాడు నాతో, వచ్చి తగ్గినవాళ్ళకు అదే విడతలో మళ్ళీ రావడం తక్కువని. మొత్తం మైదానంలో భయం లేని పిల్ల ఆమె ఒక్కతే. వనపర్తి షామియానా కింద రోగం అంటించుకున్నందుకే ఆ ధైర్యం అంటే నాకెలా ఉంటుందో మీరే ఆలోచించండి.

 షాహీన్ కూత ఎత్తింది. ఈదమ్మ ముఖం తిప్పుకోలేదు, నేరుగా ఆమె కళ్ళలోకి చూస్తూ నిలబడింది. షాహీన్ ఎడమకు వంగి, కుడికి తిరిగి, వేలికొసలతో ఆమె భుజాన్ని ముట్టి వెనక్కి దూకింది. ఈదమ్మ ఆ దూకులోనే చీలమండ అందుకుంది. షాహీన్ పడింది, పడుతూనే ఒళ్ళంతా చాచింది. నడిగీత జానెడు దూరం. ఈదమ్మ పైకి పాకి రెండు చేతులతో నడుము చుట్టేసింది. షాహీన్‌కు ఇది కొత్త కాదు. ఇంతకన్నా గట్టి పట్టుల్లోంచి, ఇద్దరు ముగ్గురు మీదున్నా, ఈడ్చుకుని వచ్చిన పిల్ల. చెయ్యి చాపితే చాలు.

కూత ఆగిపోయింది.

శిక్షకుడు ఈల వేశాడు. ఇంకోసారి చూడండని నేను అడిగాను. "ఊపిరి లేదు మేడమ్, కూత మధ్యలో తెగింది. కూత తెగే అమ్మాయిని నేను తీసుకుపోలేను" అని తన కాగితాలు సర్దుకున్నాడు. ఆయనదీ తప్పనలేను, చూసింది చెప్పాడు. మరుసటి వారం నుంచి షాహీన్ మిషన్ మీద కూర్చుంది, ఇటిక్యాలలో ఇప్పుడు ఆమెకు సొంత దుకాణం ఉంది, బాగానే ఉంది. నాతో ఆ రోజు మాట ఎప్పుడూ ఎత్తదు.

కానీ ఆ మధ్యాహ్నం నాకు పట్టరాని కోపం వచ్చింది. మట్టి దులుపుకుంటున్న పిల్ల దగ్గరికి వెళ్ళి, "గీత గీడనే ఉండె గద. ఊపిరి ఎక్కడ పోయింది నీది? ఎందుకాగినవ్?" అన్నాను.

షాహీన్ ఎర్రటి కళ్ళతో నన్ను చూసింది.

"ఊపిరి ఉండె టీచర్. ఏమో తెల్వదు. పొద్దుగాల్నుంచి నన్నెవ్వరు ముట్టలే. ఆమె గట్ల పట్టుకునేసరికి... ఇడిపించుకోబుద్ధి కాలే."

ఈదమ్మ ఇంకా అక్కడే ఉంది. షాహీన్ ఆమె వైపు తిరిగి చెయ్యి చాపింది. "మస్తు పట్టినవ్" అంది. ఈదమ్మ ఆ చెయ్యి అందుకుని వదలకుండా పట్టుకుని, ఆమెను గోడ నీడలోకి తీసుకుపోయి పక్కన కూర్చుంది. ఇద్దరినీ లేపి చేతులు కడిగించడం నా పని. సబ్బు తీసుకుని కాసేపు అక్కడే నిలబడ్డాను.